పాత ఆది, కొత్త చెయ్యి

తడి చేసిన నూలు లైనింగు మీద వేడి ఇస్త్రీ పెట్టె పెట్టగానే ఒక వాసన లేస్తుంది. కాస్త గంజి, కాస్త ఆవిరి, కొత్త గుడ్డ వాసన. అవనిగడ్డలో నేను సొంతంగా షాపు తెరిచి మూడేళ్లయినా ఆ వాసన తగిలితే చాలు, మనసు మచిలీపట్నం వెళ్లిపోతుంది. మా నోట్లో ఎప్పుడూ అది బందరే. అక్కడ కరీముల్లా మాస్టర్ గారి కటింగు బల్ల పక్కన నిలబడి ఉన్నట్టే ఉంటుంది. నిన్న పొద్దున ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగానే తల్లిని వెంటబెట్టుకుని ఒక పెళ్లికూతురు వచ్చింది. పట్టుచీర బల్ల మీద పెట్టి, సంచిలోంచి ఆది జాకెట్టు తీసింది. ఆది అంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు. మా వైపు ఆడవాళ్లు చాలామంది టేపుతో కొలతలు ఇవ్వరు, ఆది ఇచ్చి వెళ్లిపోతారు. ఆ పిల్ల చెయ్యి చాచి ఆది అందిస్తుంటే చున్నీ జారింది. మోచేతికి పైన, వెనక వైపు, రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దగా తెల్లటి గుండ్రటి బిళ్ల. నేను చూశానని గ్రహించి చటుక్కున చున్నీ లాక్కుంది. నేను ఆది అందుకోలేదు.

మాస్టర్ గారిని మీరు చూసి ఉండరు. చూసి ఉంటే మర్చిపోయి ఉండరు. పొడుగ్గా, బక్కగా, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. నలభై ఏళ్లు ఆడవాళ్ల జాకెట్లు కుట్టిన మనిషి. ఆయన పేరు చెప్తే బందరులో అందరికీ ముందు గుర్తొచ్చేది చెయ్యే. మా పనిలో చెయ్యి అంటే జాకెట్టు చెయ్యి. ఆయన కుట్టిన చెయ్యి మోచేతి దాకా ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది, వెతికినా ముడత దొరికేది కాదు. ఆ చెయ్యి కోసం గుడివాడ నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు. "చెయ్యి మీద ముడత పడిందా, అది నా షాపులో కుట్టింది కాదు" అనేవారు. గర్వమా అంటే గర్వమే. కానీ ఆ గర్వానికి తగిన పని ఆయన చేతుల్లో ఉండేది. షాపులో కత్తెర ఆయన ఒక్కరిదే. నాగమణక్కా నేనూ కుట్టేవాళ్లం మాత్రమే. కుట్టిన జాకెట్టు తీసుకెళ్లి ముందు పెడితే పైపైన చూసేవారు కాదు. "తిప్పు" అనేవారు. లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి, ప్రతి కుట్టునీ బొటనవేలితో తడిమేవారు. "పైన కస్టమరు చూసుకుంటుందిలే అమ్మాయ్, లోపల మనం చూడాలి" అనేవారు.

నా లోపల సంగతి మాత్రం నేను ఆయనకు చూపించలేదు. నాకు పద్నాలుగో ఏట నుంచీ షుగరు. పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు, ఇన్సులిన్ లేకపోతే రోజు గడవని రకం. దివిసీమలోని మా ఊరి నుంచి పని నేర్చుకోవడానికి బందరు వచ్చి, చర్చి వీధిలో పిన్ని వాళ్లింట్లో ఉండేదాన్ని. జబ్బు సంగతి చెప్తే పనిలో పెట్టుకోరని భయం. మధ్యాహ్నం భోజనాల వేళ వెనక నీళ్ల తొట్టి దగ్గరకు వెళ్లి, గోడవైపు తిరిగి ఇంజెక్షన్ చేసుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేదాన్ని. నాకు కావలసింది కత్తెర. కుట్టేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు, కత్తిరించడం వచ్చినవాళ్లే షాపు పెట్టుకోగలరు. ఆ కత్తెర చేతికి వచ్చేదాకా ఒంట్లో ఏమున్నా బయటపడకూడదని నా పంతం.

ఆ పంతం పెళ్లిళ్ల రోజుల్లో వీగిపోయింది. ఒక మధ్యాహ్నం ఇన్సులిన్ చేసుకుని, క్యారేజీ విప్పబోతూ, ఈ ఒక్క చెయ్యి అతికించి తిందామని మిషను ముందు కూర్చున్నాను. ఇన్సులిన్ పడ్డాక తినడం ఆలస్యమైతే షుగరు అడుక్కి పోతుంది. ఆ తర్వాత గుర్తున్నది నాగమణక్క ఒడి, పెదాల మీద పంచదార, వేలి గోరులో దిగబడిన సూది. మాస్టర్ గారు నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు. కళ్లు తెరవగానే తిడతారనుకున్నాను.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారు.

"ఎనిమిదేళ్లండీ."

"నా దగ్గరకొచ్చి రెండేళ్లు. రెండేళ్లు గోడవైపు తిరిగి పొడుచుకున్నావా?" వంగి నా గోరులోని సూది లాగేశారు. "దాస్తే ఆగుతుందా అమ్మాయ్? తిప్పి చూసేవాడు ఒకడుంటాడుగా."

సాయంత్రానికి మా అమ్మ వచ్చింది. అమ్మ పేరు మరియమ్మ, నోరు పెద్దది, గుండె చిన్నది. వచ్చీరాగానే నా బట్టలు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. "ఇక చాలన్నయ్య గారూ, పిల్ల బతికుంటే అదే పదివేలు. ఇంట్లో నా కళ్ల ముందు పడుంటది" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇంట్లో పడి ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు. పద్నాలుగో ఏట నుంచి పొలం గట్టుకు కూడా ఒంటరిగా పంపని ఇల్లు అది. మాస్టర్ గారు కటింగు ఆపలేదు, తల ఎత్తలేదు. "చెల్లెమ్మా, రెండు నెలలు నాకు వదిలెయ్యండి. ఈలోగా మళ్లీ పడిపోయినా, ఒంట్లో బాగా లేకపోయినా, నేనే తీసుకొచ్చి మీ ఇంట్లో దింపి వెళ్తాను" అన్నారు. ఆయన మాట తిరుగులేనిదని అమ్మకు కూడా అనిపించినట్టుంది. సంచి కింద పెట్టింది.

మర్నాడు బందరులోనే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. చేతికి సెన్సర్ పెట్టుకోమన్నది ఆవిడే. మోచేతికి పైన, వెనక వైపు అతికించుకునే తెల్ల బిళ్ల అది. చర్మం కింద సన్నటి తీగ ఉంటుంది, షుగరెంతో గడియ గడియకూ ఫోనుకు చెప్తుంది, పడిపోతుంటే ముందే కూతపెడుతుంది, రెండు వారాలకొకసారి మార్చుకోవాలి అని వివరించింది. ధర వినగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఎలా కుదిరిందన్నది వేరే కథ, అందులో మాస్టర్ గారి చెయ్యి ఉందని మాత్రం తర్వాత తెలిసింది. వచ్చేముందు డాక్టరమ్మ ఒక మాట అంది. "అంకెకూ నీ ఒంటికీ పొంతన కుదరకపోతే ఫోనును నమ్మకు. వేలు గుచ్చి చూసుకో." సరేనన్నాను. ఎనిమిదేళ్లుగా గుచ్చి గుచ్చి వేళ్లు జల్లెడలయ్యాయి, ఇక గుచ్చే పని లేదన్న సంబరంలో ఆ మాట చెవిలోనే ఉండిపోయింది.

నా ఫోనుకు వచ్చే అంకెలు ఇంకొకళ్లు కూడా చూసుకునే వీలుందని నాగమణక్క కనిపెట్టి, మాస్టర్ గారి ఫోనులో కూడా పెట్టింది. అక్కడి నుంచి చూడాలి నా పాట్లు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ ఫోనులో షుగరు ఒక గీత, అది ఎటు పోతోందో చెప్పే ఒక బాణం. గీత చూడటం ఆయనకు ఎవరు నేర్పాలి? రోజంతా గుడ్డ మీద సుద్దతో గీతలు గీసే మనిషాయె. కళ్లజోడు ముక్కు చివరకు జార్చి, ఫోను దూరంగా పట్టుకుని, "పొద్దున ఇడ్లీలెన్ని తిన్నావ్? గీత మిద్దెక్కింది" అనేవారు. కస్టమర్లు ఉన్నా సరే, "రూతమ్మా, బాణం కిందికి చూస్తోంది, లే" అని కేకేసేవారు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. వారం తిరిగేసరికి వచ్చిన కస్టమర్లే "ఏమ్మా, బాణం ఎటుంది?" అని అడగడం మొదలుపెట్టారు. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. దాచుకోకపోతే ప్రాణానికి ఇంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నెల రోజులు గీత చక్కగా నడిచింది.

ఆ తర్వాత మాస్టర్ గారు నాకు మూడు కొత్త జాకెట్లు కత్తిరించి ఇచ్చారు. షాపులో మేం చీరలే కట్టుకోవాలన్నది ఆయన నియమం, మన ఒంటి మీద జాకెట్టే మన బోర్డు అనేవారు. అప్పటిదాకా వదులు చేతుల జాకెట్లతో నెట్టుకొచ్చిన నేను, పెట్టె అడుగున ఉన్న నా ఆది తీసి ఇచ్చాను, నేనే కుట్టుకున్నాను. ఆయన పేరుపడ్డ చెయ్యి, ఒక్క ముడత లేకుండా. అద్దంలో చూసుకుని మురిసిపోయాను. ఆ వారం నుంచే పగటిపూట ఫోను కూతలు మొదలయ్యాయి. షుగరు అరవై, యాభై ఎనిమిది, బాణం కిందికి. ఒంట్లో వణుకు లేదు, చెమట లేదు. అయినా మళ్లీ మిషను మీద పడిపోతానేమోనన్న భయం. కూత పెట్టినప్పుడల్లా గ్లూకోజు నీళ్లు, అవి చాలనట్టు ఒక బందరు లడ్డు. రాత్రి పిన్ని వాళ్లింట్లో చూసుకుంటే మూడు వందలకు దగ్గర. పగలంతా తిన్న తీపి ఊరికే పోతుందా అనుకునేదాన్ని. పగలు గొయ్యి, రాత్రి గుట్ట. పది రోజుల్లో కళ్లు లోతుకు పోయాయి, నీళ్లు తాగి తాగి మిషను దగ్గర కంటే తొట్టి దగ్గరే ఎక్కువ ఉండేదాన్ని. డాక్టరమ్మ గీత చూసి నొసలు చిట్లించి, ఏం తింటున్నావో రాసి తీసుకురమ్మంది. అమ్మకు కబురు వెళ్లనే వెళ్లింది. రెండు నెలల గడువుకు ఇంకా కొన్ని రోజులున్నా, ఒక మంగళవారం పొద్దున్నే సంచితో దిగిపోయింది.

"చేతికి ఆ బిళ్ల పెట్టినా ఇంతేనా? మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతున్నాం. ప్రార్థన చేసుకుంటున్నావా అసలు?" అని నన్ను నిలదీసింది. నేను తల దించుకున్నాను. మాట ఇచ్చిన మనిషి కాబట్టి మాస్టర్ గారు కూడా కత్తెర కింద పెట్టి, చొక్కా మార్చుకోవడానికి లేచారు, మమ్మల్ని మా ఊళ్లో దింపడానికి. లేచి, ఫోను చేతిలోకి తీసుకుని, వెనక్కి వెనక్కి జరుపుతూ చాలాసేపు చూశారు.

"రూతమ్మా, ఆదివారాలు గొయ్యి లేదే?" అన్నారు.

"లేదాండీ?"

"మూడు ఆదివారాలు చూశాను. గీత తిన్నగా ఉంది. ఆదివారం ఏం తింటావ్?"

"పిన్ని కోడిపలావు చేస్తదండీ."

"పలావు తింటే పడిపోదు, పప్పన్నం తింటే పడిపోద్దా!" ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశారు. నా మొహం వంక కాదు, భుజం వంక. "ఆదివారం ఏం తొడుక్కుంటావ్?"

డాక్టరమ్మ ఏం తిన్నావని అడిగింది. అమ్మ ప్రార్థన చేశావా అని అడిగింది. ఏం తొడుక్కున్నావని అడగడం మా మాస్టర్ గారికే చెల్లింది. చర్చిలో పాటలు పాడేవాళ్లం మేమంతా వదులు చేతుల తెల్ల పంజాబీ డ్రెస్సులు వేసుకుంటాం. ఆ మాట చెప్పగానే ఆయన అమ్మ చేతిలోని సంచి అందుకుని బల్ల కింద పెట్టేశారు. "వేలు గుచ్చుకో, ఇప్పుడే" అన్నారు. ఫోనులో యాభై ఎనిమిది ఉంది. వేలు గుచ్చి చూస్తే రెండు వందల పద్నాలుగు. నాగమణక్క నన్ను లోపలికి తీసుకెళ్లి, బ్లేడుతో ఆ చేతి కుట్టు చంక దాకా విప్పింది. సెన్సర్ చుట్టూ చర్మం మీద గుండ్రంగా ఎర్రటి అచ్చు పడి ఉంది. కొంగు కప్పుకుని బయటకు వచ్చి కూర్చున్నాను. మంచినీళ్లు తప్ప నేనేమీ తీసుకోలేదు. చూస్తుండగానే ఫోనులో డెబ్భై, తొంభై, నూట ముప్పై... గోడ గడియారంలో అరగంట తిరిగేలోపు రెండు వందలకు చేరింది. ఆ బిళ్లను బిగుతు చెయ్యి పగలంతా నొక్కి పెట్టి, దాని చేత అబద్ధం చెప్పించింది. లేని గోతికి భయపడి నేను తీపి తిన్నాను.

ఆ తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. షాపులో అప్పటికి నలుగురైదుగురు కస్టమర్లున్నారు. ఒక్క ఆల్టరేషను ఎరగనని నలభై ఏళ్లు చెప్పుకున్న మనిషి, వాళ్లందరి ముందూ మా అమ్మకు చేతులు జోడించారు.

"చెల్లెమ్మా, తప్పు ఆ బిళ్లది కాదు, పిల్లది కాదు. నాది."

"ఆది నాదేగా మాస్టర్ గారూ, నేనేగా ఇచ్చాను!" అన్నాను నేను, ఆయన చేతులు జోడించడం చూడలేక.

"ఆ ఆది ఎప్పటిది? బిళ్ల పెట్టకముందుది. కొత్త చెయ్యికి పాత ఆది పెట్టి కత్తిరించాను. రోజూ ఎదురుగా కూర్చునే మనిషిని చూడకుండా గుడ్డను చూశాను." ఆయన బల్ల కింది సంచి తీసి అమ్మ ముందు పెట్టారు. "పిల్లను తీసుకెళ్లేట్టయితే తీసుకెళ్లండి. కానీ దీనికి ఒంట్లో బాగోలేక కాదు, నాకు పని రాక అని చెప్పి తీసుకెళ్లండి."

మా అమ్మ ఆయన వంక చూసింది, నా వంక చూసింది. ఆవిడకు కన్నీళ్లు వస్తే ముందు కోపం వస్తుంది. "చాల్లెండి అన్నయ్య గారూ, పెద్దవారు మీరు చేతులు జోడిస్తే మాకు మంచిదా? ఆ మాటకొస్తే మొన్న మీరు కుట్టిన నా జాకెట్టు కూడా బిగుతే, మొహమాటానికి చెప్పలేదు" అంది. షాపంతా గొల్లున నవ్వింది. మధ్యాహ్నం బస్సు అమ్మ ఒక్కదాన్నే ఎక్కించుకుని వెళ్లింది.

మర్నాడు నేను వెళ్లేసరికి కటింగు బల్ల మీద మీటరు గుడ్డ పరిచి ఉంది. దాని మీద కత్తెర. మాస్టర్ గారు నా మిషను ముందు కూర్చుని ఉన్నారు. "ఆ బిళ్లను మోసేది నువ్వు. దానికి చెయ్యి ఎలా ఉండాలో నీకే తెలుస్తుంది. కత్తిరించు" అన్నారు. రెండేళ్లు కలగన్న కత్తెర అందుకుని గుడ్డ మీదికి వంగాను. మొదటిది పాడుచేశాను. ఆయన ఏమీ అనకుండా ఇంకో గుడ్డ పరిచారు. రెండోదీ పోయింది. మూడోసారి వెనక వైపు రెండు వేళ్ల వెడల్పు గుడ్డ ఎక్కువ వదిలి, దాన్ని లోపలికి మడత పెట్టాను. ముందు నుంచి చూస్తే మాస్టర్ గారి చెయ్యే, ముడత లేదు. వెనక మాత్రం బిళ్లకు ఊపిరాడే చోటు. ఆయన అందుకుని తిప్పారు. లోపలి మడతను బొటనవేలితో రెండుసార్లు తడిమారు. "నాగమణీ, ఇక నుంచి ఇలాంటి చేతులన్నీ ఈ అమ్మాయే కత్తిరిస్తది" అన్నారు. ఆ వేసవిలో నా మూడు నెలల షుగరు లెక్క చూసి డాక్టరమ్మ నా భుజం తట్టింది. అంతకన్నా గొప్ప సంగతి, ఆవిడే మా షాపు పేరు చెప్పి మనుషుల్ని పంపడం మొదలుపెట్టింది. గుడ్లవల్లేరు కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్, ఘంటసాల నుంచి ఒక రైతు భార్య, సెన్సర్ పెట్టుకున్నామని వీధిలో ఎవరికీ చెప్పనివాళ్లు, మా షాపులోకొచ్చి నిస్సంకోచంగా చెయ్యి చూపించేవాళ్లు.

అవనిగడ్డలో నేను షాపు తెరిచిన ఏడాది రంజాను ముందు ఆయన బస్సు దిగి వచ్చారు. అప్పటికి ఆయనకూ షుగరు వచ్చింది, చేతికి సెన్సర్ పెట్టారు. ఉపవాసాల నెలలో గీత చూస్తూ ఉండమని, పడిపోతే అక్కడితో ఆపెయ్యమని ఆయన డాక్టరు చెప్పాడట. "ఆపేస్తారా మాస్టర్ గారూ?" అంటే, "అబద్ధం చెప్పి ఉపవాసం చేస్తే అది ఎవరికమ్మాయ్?" అన్నారు. సంచిలోంచి పాత చొక్కా తీసి బల్ల మీద పెట్టారు, ఆది. నేను దాన్ని పక్కకు నెట్టేశాను. "చెయ్యి ఎత్తండి" అన్నాను. ఆయన ఎత్తారు. నా టేపు ఆయన చేతి చుట్టూ తిరిగినంతసేపూ కిటికీ వంక చూస్తూ నిలబడ్డారు, ఏమీ ఎరగనట్టు. చొక్కా తయారయ్యాక అలవాటుగా తిప్పి చూశారు. మెచ్చుకోలేదు. పండగ నమాజుకు అదే వేసుకుని వెళ్లారని తర్వాత నాగమణక్క ఫోను చేసి చెప్పింది.

పోయిన ఏడాది ఆయన గుండె ఆగిపోయి వెళ్లిపోయారు. ఇన్నాళ్లకు ఇది రాస్తున్నది ఏడవడానికి కాదు. నలభై ఏళ్లు కుట్టుకున్న పేరును ఒక ఆడపిల్ల కోసం నలుగురి ముందు విప్పేసిన మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. కత్తెర ఎవరైనా ఇవ్వగలరు. తప్పు నాదే అనడం ఆయన చేసి చూపించారు. అందుకే నా షాపులో ఏ జాకెట్టు తిరిగొచ్చినా ముందు ఆదిని అనను, కస్టమరును అనను.

నిన్నటి పెళ్లికూతురు ఆది పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "పెళ్లిలో అది కనపడకుండా కుట్టగలరా అక్కా? పెళ్లికొడుకు వాళ్లకు షుగరు సంగతి చెప్పాం. చుట్టాలు చూస్తారని అమ్మ భయం" అంది మెల్లగా.

"కనపడకుండా కుడతాను. కనపడేలా కావాలన్నా కుడతాను. నీ ఇష్టం, మీ అమ్మ ఇష్టం కాదు" అన్నాను. అని, పైట తొలగించి వెనక్కి తిరిగి, జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూపించాను. నా తెల్ల బిళ్ల. దాని చుట్టూ నా రెండు వేళ్ల మడత. తల్లి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఆది పక్కన పెట్టమ్మా. చెయ్యి ఎత్తు, చూస్తాను."

ఆ పిల్ల చున్నీ తీసి తల్లి భుజం మీద వేసి, చెయ్యి ఎత్తింది.